మామగారి మీద కోపం మగ్గు మీద

మహారాజశ్రీ నీలిరంగు ప్లాస్టిక్ మగ్గు గారి సముఖమునకు,

బెంగళూరు బీటీఎం లేఔట్, మూడంతస్తుల మేడ మీద నుంచి కోడలు రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరు కుశలమే. మా టమాటా నారే కాదు.

మీ మీద నాకు ప్రత్యేకంగా కక్ష ఏమీ లేదు. స్నానాల గదిలో మీ సేవలు ఎవరూ కాదనరు. కానీ రోజూ పొద్దున్నే మామయ్యగారి చేతికెక్కి మేడ మీదికి వస్తారు చూడండి, తంటా అంతా అక్కడే. ఆయన్ని పన్నెత్తి ఒక మాట అనలేను. కాబట్టి ఫిర్యాదులన్నీ మీ పేరిటే.

నేను ట్రేలో వరసలు గీసి, గోరు మునిగేంత లోతులో ఒక్కో గింజా విడివిడిగా వేస్తాను. మీరు పైనుంచి ఒక్క ధార వదులుతారు. గింజలన్నీ తేలి ఓ మూలకి చేరతాయి. వారం తిరిగేసరికి ట్రే అంతా ఖాళీ, ఆ మూల మాత్రం కిటకిటలాడే మెజెస్టిక్ బస్టాండు. తోటకూర సంగతి చెప్పనక్కర్లేదు. సన్నటి గింజ కదా అని ఇసుకలో కలిపి పైపైన చల్లితే, మీ ధాటికి డ్రైనేజీ పైపు దాకా కొట్టుకుపోయి అక్కడ మొలిచింది. బ్రహ్మాండంగా పెరిగింది కూడా. అక్కడికి మీరు రారు కదా.

మొలక రాకపోతే మామయ్యగారి తీర్పు ఒకటే: "నీళ్ళు చాల్లేదమ్మా." ఇంకో మగ్గు. గింజ నీళ్ళు తాగి ఉబ్బాక దానికి గాలి కూడా కావాలి. మట్టిలో సందులన్నీ మీరే నింపేస్తే ఊపిరాడక లోపలే కుళ్ళుతుంది. టమాటా వారంలో తల ఎత్తుతుంది, మిరపకి ఇంకా ఎక్కువే పడుతుంది. కాకర పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి వేసినా తొందరపడదు. మీకు అంత ఓపిక ఎక్కడిది? మీరు పోసిన నీళ్ళు ఎండకి ఆరాక మా ఎర్రమట్టి పైన పెచ్చు కడుతుంది. కింద మొలక నెత్తితో పొడిచి పొడిచి అక్కడే ఆగిపోతుంది.

ప్యాకెట్ వాళ్ళని అందామన్నా కుదరదు. ధ్రువీకరించిన విత్తనానికి మన దేశంలో కనీస మొలక శాతం టమాటాకి 70, మిరపకి 60. అంటే వందలో ముప్పయ్యో నలభయ్యో గింజలు ఎగ్గొట్టడానికి నిబంధనలే ఒప్పుకున్నాయి. మిగతావాటి లెక్క మీరు చెప్పాలి.

అసలు ఘోరం మొలిచాక. సాయంత్రం రెండాకులతో నిటారుగా నిలబడ్డ నారు తెల్లారేసరికి వరసగా పడుకుని ఉంటుంది. వంగి చూస్తే ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. మట్టిని తాకేచోట కాడ మాత్రం నల్లబడి, నొక్కుకుపోయి ఉంటుంది. నారుకుళ్ళు తెగులు. పితియం అనే బూజులాంటి దాని పని. తడి ఆరని మట్టి, ఒత్తుగా వేసిన నారు దొరికితే దానికి పండగే. తెగులుని అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా మట్టిలో కలిపాను, ట్రే అడుగున చిల్లులు పెట్టాను. మీరు సాయంత్రం షిఫ్టుకి కూడా వచ్చారు. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క రక్షక్ అని ఒక టమాటా తెచ్చారు. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది. మగ్గును తట్టుకునే రకం ఇంకా రాలేదు.

2024 మార్చి గుర్తుందా? ఊళ్ళో బోర్లు ఎండిపోయి, తాగునీళ్ళు మొక్కలకి పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పింది. ఆ నెలంతా మీరు బాత్రూమ్ గడప దాటలేదు. కూరగాయలు కడిగిన నీళ్ళు ఓ పళ్ళెంలో పోసి, అందులో ట్రే పెట్టి, పైమట్టి రంగు ముదరగానే తీసేసేదాన్ని. ఆ ఏడు వంగ నారు పొట్టిగా, లావు కాడతో, ఊదారంగు తిరిగి ఎంత ముద్దుగా వచ్చిందో! ఊరికి వచ్చిన కష్టం మా నారుకి కలిసొచ్చింది. పైకి అనకూడదు గానీ.

మామయ్యగారిది అనంతపురం జిల్లా. మబ్బు కోసం ఎదురుచూసే ఇంట్లో పుట్టారు. మట్టి పైన కాస్త తెల్లబడితే ఆయనకి ప్రాణం ఒప్పదు. మిట్టమధ్యాహ్నం ఆకు వాలితే "పాపం" అంటూ మిమ్మల్ని అందుకుంటారు. సాయంత్రానికి అదే లేస్తుంది, లేవకపోతేనే నీళ్ళు పొయ్యాలి. నాటే ముందు వారం నీళ్ళు తగ్గించి, నీడ వల తీసి మెల్లగా ఎండ అలవాటు చేస్తే కాడ గట్టిపడుతుందని చెబితే, "పసివాటిని ఎండలో నిలబెడతావా?" అంటారు. ఆ ప్రేమకి నేనేం జవాబు చెప్పను? మీరైతే చెప్పొచ్చు. అడుగున ఓ చిల్లు పడితే చాలు.

పోయిన నెల రోజ్ క్యాన్ కొన్నాను, సన్నటి జల్లు పడుతుందని. మామయ్యగారు ఓ పూట వాడి, "ఇదేంటమ్మా, ఏడుస్తున్నట్టుంది" అని దాని జల్లెడ మూతి ఊడదీసి మళ్ళీ ధార కట్టారు. మూతి ఎక్కడ పెట్టారంటే గుర్తులేదంటున్నారు. మీరు, ఆ క్యాన్ ఒకే బకెట్ పక్కన ఉంటారు, మీకు తెలిసే ఉంటుంది. ఆదివారం మిరప గింజలు వేస్తున్నాను. ఈలోగా చెప్పండి.

ఇట్లు,
మీ ఇంటి కోడలు