ఫొటో అంటిస్తే ప్రాజెక్టు అయిపోదు

రాత్రి ఎనిమిదిన్నరకి ఏ ఊళ్లోనైనా స్టేషనరీ షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. "అన్నా, మహానుభావుల చార్టు ఉందా?" అంటూ బండి దిగే నాన్న, పక్కన నిద్రమొహంతో మూడో తరగతి పిల్ల. షాపాయన వెతుక్కోడు, కౌంటర్ మీదే ఉంచుకుంటాడు, ఎఫ్‌ఏ పరీక్షలు, అంటే ఏడాది మధ్యమధ్యలో బళ్లో పెట్టేవి, దగ్గరపడ్డాయని ఆయనకి ముందే తెలుసు. షీటు నిండా తపాలా బిళ్లలంత బొమ్మలు, వెనకవైపు ఒక్కొక్కరికి నాలుగు లైన్ల చరిత్ర. ఇంటికెళ్లాక అమ్మ కత్తిరిస్తుంది, నాన్న గమ్ము రాస్తాడు, పిల్ల పడుకుంటుంది. మర్నాడు ప్రాజెక్టు పని కింద మార్కులు పడిపోతాయి.

ఈ మధ్య ఒక నాలుగో తరగతి పాప ప్రాజెక్టు నోటుబుక్కు మా కంటపడింది. కొమురం భీం గురించి ముత్యాల్లాంటి దస్తూరితో రాసింది. కాకపోతే "బాల్యం [మార్చు]", "పోరాటం [మార్చు]" అని ప్రతి శీర్షిక పక్కనా ఒక మాట తోక లాగా వేలాడుతోంది. తెలుగు వికీపీడియాలో ఆ భాగాన్ని సవరించడానికి నొక్కే మీట అది. తెర మీద ఏం కనిపిస్తే అది దించేసింది. కింద ఎర్ర సిరాతో టిక్కు, "గుడ్" అని మెచ్చుకోలు. పాపది తప్పేం లేదు, దించమన్నారు, దించింది. "ఈ మార్చు అంటే ఏంటమ్మా?" అని అడిగినవాళ్లు మాత్రం ఇంట్లోనూ లేరు, బళ్లోనూ లేరు, అదీ మా బాధ.

మూడు నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకి పరిశోధన ఏంటండీ, చదవడం రాయడం వస్తే చాలు అనేవాళ్లున్నారు. ఆ వయసు పిల్లలు రోజుకి వంద ప్రశ్నలు అడిగి ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తారు కదా, ఆ ప్రశ్నల్లో ఒకదాన్ని పట్టుకుని జవాబు దొరికేదాకా వెళ్లనివ్వడమే మేము అనే పరిశోధన. అంతకంటే పెద్ద పేరు దానికి అక్కర్లేదు.

ఆ భీం సంగతే తీసుకోండి. ఆయన చనిపోయిన తేదీ ఒకచోట ఒకటుంటుంది, ఇంకోచోట ఇంకోటి. 1940 దగ్గరికొచ్చేసరికి అన్నీ కలుస్తాయి. ఆయన నేలకొరిగిన జోడేఘాట్‌లో వర్ధంతి జరిపేది మాత్రం ఆశ్వయుజ పౌర్ణమికి, అంటే ఇంగ్లీషు క్యాలెండర్లో తేదీ ఏటా మారుతుంది. ఎందుకు మారుతుందో తేల్చుకోవాలంటే పిల్ల నాయనమ్మ దగ్గరికెళ్లి పంచాంగం తీయించుకోవాలి, తిథి అంటే ఏంటో అడగాలి, గోడ మీది క్యాలెండర్ పక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్క తేదీ తేడా ఇంత పని చేయిస్తుంది. మనమేమో ఆ తేడాని పిల్లల కంట పడనివ్వకుండా, చార్టులో ఉన్నదే రాయమంటున్నాం.

చాకలి ఐలమ్మ పుట్టింది ఒకచోట 1895 అనుంటుంది, మరోచోట 1919. చనిపోయింది 1985లో. తీసివేతలు వచ్చిన పిల్లాడు లెక్కేస్తే పోయేనాటికి ఆమె వయసు 90 ఏళ్లన్నా కావాలి, 66 ఏళ్లన్నా కావాలి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ని, అంటే అక్కడి పెద్ద భూస్వామిని, ఎదిరించిన 1940ల నాటికి ఆమెకి ఎదిగొచ్చిన కొడుకులున్నారని చదివితే, ఏ సంవత్సరం నప్పుతుందో వాడే చెప్తాడు. చెప్పలేకపోయినా ఫరవాలేదు, "రెండు రకాలుగా ఉంది టీచర్" అని వచ్చి నిలబడ్డాడంటే ఆ పూటకి పాఠం అయిపోయినట్టే. ఫోన్‌లో మైకు నొక్కి అడిగితే అది ఒక్క జవాబే గడగడా చెప్పేస్తుంది, రెండోది ఉందన్న సంగతే తెలియనివ్వదు. అందుకే ఈ వయసులో ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటున్నాం.

ఇక ఎవరి గురించి అన్న సంగతి. చార్టులో ఉండేవాళ్లందరూ పెద్దవాళ్లే, కాదనం. అయితే అందులో ఆడవాళ్లు ఎంతమంది, వినికిడి లేనివాళ్లో నడవలేనివాళ్లో ఎవరైనా ఉన్నారా, అడవిలో పుట్టినవాళ్లు ఎంతమంది అని వేళ్లు మడిచి చూడండి, చెయ్యి సగం కూడా మూసుకోదు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యంతో పుట్టి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ 14 ఏళ్లు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. వీళ్లవి ఇంకా చార్టు ధరకి దొరికే బొమ్మలు కావు. దొరక్కపోవడమే మంచిది, అప్పుడైనా వెతుక్కుంటారు.

దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గురించి "రాజ్యాంగ సభ సభ్యురాలు" అని రాయిస్తే మూడో తరగతి పిల్లకి ఏం అర్థమవుతుంది? 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని నెహ్రూని ఆపేసిందని చెప్పి చూడండి. "మరి ఆయన ఏమన్నాడు? తర్వాత టికెట్ ఎవరు కొన్నారు? ఆమెని తిట్టారా?" అని క్లాసు క్లాసంతా మీద పడుతుంది. అక్కడ వదిలెయ్యాలి, వాళ్లే వెతుక్కుంటారు.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కొన్ని బళ్లలో పేర్లు ఎలా పంచుతారో గమనించారా? కవి జాషువా గురించి దళిత పిల్లాడికి, భీం గురించి గోండు పిల్లకి, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ గురించి ముస్లిం అబ్బాయికి. టీచర్ గౌరవంగానే అనుకుని ఇస్తారేమో, కానీ "ఈయన మీవాడు" అని చెప్పినట్టే కదా. ఆ లెక్కన మిగతా క్లాసుకి ఆయన ఏమీ కాడు. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి అనే సంఘం ఎందుకు పెట్టాల్సొచ్చిందో, దళిత పిల్లలకి విడిగా బళ్లు ఎందుకు కావాల్సొచ్చాయో మొదట తెలుసుకోవాల్సింది ఆ అవసరం ఎన్నడూ పడని ఇళ్ల పిల్లలే. చీటీలు రాసి డబ్బాలో వేసి తీయించండి, ఎవరికి ఎవరు వస్తే వాళ్లు.

టీచర్ల కష్టం మాకు తెలుసు. ఒక్కరే అయిదు తరగతులు చూసుకునే బడులున్నాయి, పాఠం మధ్యలో ఆపి యాపుల్లో ఫొటోలు ఎక్కించాల్సిన రోజులున్నాయి. చిరిగితే ఎవరు కట్టాలన్న భయంతో లైబ్రరీ బీరువాకి తాళం వేసిన బడులూ ఉన్నాయి, ఆ భయం తీర్చాల్సింది విద్యాశాఖే, పుస్తకం చిరిగితే టీచర్ జేబు తడమబోమని ఒక్క సర్క్యులర్ ఇస్తే పోయేదానికి. అదనపు పనేం పెట్టమనట్లేదు మేము. ఏడాదికి నాలుగు ప్రాజెక్టులు అంటించే బదులు ఒక్క మనిషి గురించి నెలరోజులు తిరగనివ్వండి. ఒక ప్రశ్న, రెండు చోట్ల వెతకడం, ఒక పెద్దమనిషిని అడగడం, అంతే. మార్కులు వేసేటప్పుడు చార్టు అందం పక్కనపెట్టి "ఇది నీకెలా తెలిసింది?" అని ఒక్కటి అడగండి. పుస్తకంలో చూశానన్నా, తాతయ్య చెప్పాడన్నా, ఇంకా తెలియలేదన్నా మార్కు వెయ్యండి.

అమ్మానాన్నలూ, ఈసారి రాత్రిపూట బండి తీసేముందు పిల్లని ఒక్క మాట అడగండి, ఎవరి గురించి ఏం తెలుసుకోమన్నారని. "తెలుసుకోమనలేదు, ఫొటో అంటించమన్నారు" అంటే ఆ రాత్రికి పడుకోబెట్టేసి, పొద్దున్నే టీచర్‌తో మాట్లాడండి.