ఆనపకాయ పేదపేటకు చేరకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

ఊరి చివరి కాలనీల్లో తాజా కూర దొరకడం లేదు, మాకూ ఓ రైతుబజారు పెట్టించండి అంటూ అర్జీలు పట్టుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వీళ్లను తేలిగ్గా తీసుకోకూడదు. ఇవాళ ఆనపకాయ అడిగినవాళ్లు రేపు అరటిపండు అడుగుతారు, ఎల్లుండి పాలూ గుడ్లూ అంటారు. అలాగని పెట్టేది లేదని మొహమ్మీద చెప్పేస్తే బాగోదు, ఎన్నికలొస్తాయి, పేపర్లవాళ్లుంటారు. పెట్టినట్టూ ఉండాలి, ఎవరికీ అందనట్టూ ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల స్థితిగతులు గమనించి, బాధ్యత గల అధికారులకూ వార్డు పెద్దలకూ పనికొచ్చేలా ఆ విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాం.

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైనప్పుడు లెక్క చాలా సూటిగా ఉండేది. టోకు ధర కంటే 25 శాతం ఎక్కువ రైతుకు, చిల్లర ధర కంటే 25 శాతం తక్కువ కొనేవాళ్లకు, మధ్యలో దళారీ ఇంటికి. బల్లకు అద్దె లేదు, కాటా సర్కారుది, ఏ పూట ధర ఆ పూట బోర్డు మీద కనబడాలి. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే ఇలాంటి పథకాన్ని పేదలకు అందకుండా చేయడం ఎలా అని అప్పట్లో కొందరు బెంగపడి ఉంటారు. అంత బెంగ అక్కర్లేదు. బజారును దూరంగా పెడితే చాలు, మిగతాది ఆటోవాళ్లు చూసుకుంటారు.

లెక్క చూడండి. కాలనీ నుంచి బజారు నాలుగు కిలోమీటర్లు అనుకుందాం. షేర్ ఆటోకు మనిషికి 20, రానూపోనూ 40. చిల్లర కొట్లో వంద రూపాయలయ్యే కూరలు రైతుబజారులో 75కి వస్తాయి. ఆదా 25, ఆటో 40. ఆరోగ్యం కోసం బయల్దేరిన ఇల్లాలు ఆరోగ్యంతో పాటు 15 రూపాయల నష్టం కూడా సంచీలో వేసుకొని తిరిగొస్తుంది. ఆటో ఖర్చు పూడాలంటే చిల్లర లెక్కన 160 రూపాయల సరుకు ఒక్క దెబ్బన కొనాలి. కొన్నా, ఫ్రిజ్ లేని రేకుల ఇంట్లో మే నెల ఎండకు వంకాయ మూడోరోజుకి ముడతలు పడుతుంది, తోటకూర మర్నాటికే మేకకు పెట్టాలి. "ఆటోకే నలబై అయిపోతే ఆనపకాయ దేంతో కొనాల బాబూ?" అని ఎవరైనా అడిగితే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కదమ్మా అని సౌమ్యంగా గుర్తుచేయండి. ఆ కాలనీలోకి బస్సు వస్తుందా రాదా అన్నది రవాణా వారి సంగతి, మనది మార్కెటింగు.

కొత్త కాలనీకి లేఅవుటు గీసేటప్పుడే జాగ్రత్త పడితే ఇంకా మంచిది. విజయనగరం పక్కన గుంకలాంలో 2020 డిసెంబరు 30న పట్టాలిచ్చిన లేఅవుటు 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. ఇళ్లన్నీ నిండితే అదే ఓ పట్టణం. ఇంటికి రోజుకు అరకిలో కూర అనుకున్నా ఆరు టన్నుల పైచిలుకు సరుకు. ఇంత సరుకు ఎటునుంచి వస్తుంది, ఎక్కడ దిగుతుంది, ఎవరు తూస్తారు అనే ప్రశ్నలు శంకుస్థాపన నాడు ఎవరి నోటా రాకూడదు. వస్తే, దాసన్నపేటలో రైతుబజారు ఉంది కదా, అక్కడికి వెళ్లమనండి.

ఇక వేళలు. కూలి అడ్డాలో నిలబడేవాడు ఏడు కొట్టేసరికి నిలబడాలి. డబ్బు చేతికొచ్చేది సాయంత్రం ఆరుకి. కాబట్టి బజారు తెల్లవారుజామున ఐదున్నరకు తెరిచి, మంచి సరుకు తొమ్మిదికల్లా అయిపోయేలా చూడాలి. వాకింగ్ ముగించుకొచ్చిన పెద్దమనుషులు బెండకాయ కొస విరిచి చూసి లేతవన్నీ ఏరుకుంటారు. సాయంత్రం వచ్చేవాళ్లకు మిగిలేవి ముదురు కాయలు. వాటిలో పీచు ఎక్కువ. పీచు ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లే చెబుతున్నారు.

బజారే సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పెడితే ఏం పోయింది అనే సన్నాసి ఒకడు ప్రతి మీటింగులోనూ ఉంటాడు. వాడికి సాంకేతిక కారణాలు చెప్పాలి. పొద్దున్నే కోసిన ఆకుకూర సాయంత్రానికి వడిలిపోతుందనండి. అది నిజమే. మధ్యాహ్నం మూడు దాటాక కోసి, వేళ్ల మట్టి కడిగి, నీళ్లోడ్చి, తడి గోనెలో వదులుగా చుట్టి తెస్తే రాత్రి ఎనిమిదికీ నిలబడి ఉంటుందన్నది మాత్రం వాడికి తెలియనివ్వకండి. అదే తడి గోనె బెండకాయ మీద కప్పితే నల్లమచ్చలొచ్చి జిగురెక్కుతుంది. బెండను పొడిగానే తేవాలి. టమాటాను బస్తాలో కుక్కితే అడుగువి చితికి, ఆ రసం తగిలి మిగతావీ చెడతాయి. ప్లాస్టిక్ ట్రేల్లో తేవాలి. ఆనపకాయకు అంగుళం తొడిమ ఉంచి కోయాలి. లేతదా ముదురుదా అని గుచ్చిన ప్రతి గోటి గాటూ తెల్లారేసరికి కుళ్లుమచ్చ అవుతుంది. ఇవేవీ రైతులకు నేర్పక్కర్లేదు, వాళ్లకు తెలుసు. ట్రేలు కొనే డబ్బులు ఉండవు, అంతే. అందుకని ట్రేలు ఇవ్వకుండా, "కోత అనంతర యాజమాన్యం" మీద ఒకరోజు శిక్షణ ఇవ్వడం ఉత్తమం. భోజనాలు మన ఖర్చే.

సభలో ఎవరైనా చదువుకున్నవాడు లేచి కరెంటు అక్కర్లేని చల్లగది కట్టిద్దామంటాడు. ఢిల్లీ పూసా పరిశోధనా సంస్థ వారి నమూనా: ఇటుకలతో రెండు వరసల గోడ, మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందు, సందు నిండా ఏటి ఇసుక, రోజుకు రెండు పూటలా తడపడం. వెంటనే మంజూరు చేసేయండి. నీళ్లు ఆవిరైతేనే ఆ గది చల్లబడుతుంది, కాబట్టి పొడి ఎండ కాసే ఊళ్లలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సముద్రపు గాలికి చొక్కా ఆరని శ్రీకాకుళంలో శ్రావణ భాద్రపదాల్లో నీళ్లు ఆవిరయ్యేదెక్కడ? చల్లదనం అంతంతమాత్రం, బూజు మాత్రం పుష్కలం. వేసవి నాలుగు నెలలు పనికొస్తుంది కదా అంటారా, ఇసుక తడిపే మనిషి జీతం ఎస్టిమేటులో రాయకపోతే ఆ నాలుగు నెలలూ పనికిరాదు. ప్రారంభోత్సవం మార్చిలోపు కానిచ్చేస్తే బూజు సంగతి ఆగస్టు దాకా బయటపడదు. అప్పటికి మీకు బదిలీ అయిపోయి ఉంటుంది.

మనకు అసలు పోటీ ఇంకొకరున్నారు. కాలనీ మలుపులో గోనెపట్టా పరుచుకు కూర్చునే ముసలమ్మ. ఆవిడ దగ్గర పది రూపాయల పోగు: రెండు వంకాయలు, ఒక టమాటా, నాలుగు పచ్చిమిరపకాయలు, కొసరుగా కరివేపాకు రెబ్బ. కిలో లెక్క కడితే రైతుబజారు కంటే బాగా ఎక్కువే. కానీ ఆ పోగు ఒక పూట కూరకు సరిగ్గా సరిపోతుంది, గడప ముందే దొరుకుతుంది, శనివారం కూలి డబ్బులొచ్చాక ఇచ్చినా ఆవిడ ఊరుకుంటుంది. రైతుబజారులో పావుకిలోకి తక్కువ తూయమంటే బల్ల వెనక మనిషి మొహం చిట్లిస్తాడు. అరువు మాట ఎత్తనక్కర్లేదు. ఎవరైనా అతితెలివి చూపించి, బజారులోనూ పది, ఇరవై రూపాయల పోగులు పెడదాం, పోగులో ఎన్ని గ్రాములో పలక మీద రాద్దాం అంటే, తూనికలు కొలతల చట్టం తీయండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. పోగుకు ముద్ర ఎక్కడ వేస్తారు?

చెల్లింపులు క్యూఆర్ కోడుతోనే అని నియమం పెట్టడం ఆధునికంగా ఉంటుంది. ఆ ఖాతా రైతు కొడుకుది, ఫోను కొడుకు దగ్గర, కొడుకు హైదరాబాదులో. డబ్బు పడిందో లేదో తండ్రికి తెలిసేసరికి కొన్నామె ఇంటికెళ్లి కూర వండేసి ఉంటుంది.

రైతుల విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. రైతుబజారు గుర్తింపు కార్డులో పేరూ, సర్వే నంబరూ, పంటా, విస్తీర్ణమూ ఉంటాయి. రైతు సేవా కేంద్రంలోని ఈ-పంట నమోదుతో వాటిని సరిచూడడం పది నిమిషాల పని, కాబట్టి చూడకండి. చూస్తే ఇరవై సెంట్ల వంగతోట రోజూ రెండు క్వింటాళ్లు కాస్తున్న అద్భుతాలు బయటపడతాయి. క్యారెట్టూ, బీట్‌రూటూ, క్యాబేజీ, ఉల్లి ఒకే బల్ల మీద ఏడాది పొడవునా కనబడితే ఆ రైతు పొలానికి చక్రాలున్నాయన్నమాట. ఇలాంటి అభ్యుదయ రైతులను ప్రోత్సహించాలి. వాళ్లు ఎప్పుడూ ఆలస్యంగా రారు.

నిజంగా పండించేవాడి లెక్క వేరు. లావేరులోనో రణస్థలంలోనో నలభై కిలోల వంకాయలు కోశాడనుకోండి. ఊళ్లోకొచ్చిన బేరగాడికి ఇవ్వకుండా తనే బజారుకు తెస్తే కిలోకు ఐదు రూపాయలు ఎక్కువ వచ్చినా మొత్తం 200. ఆటో కిరాయి, టీ టిఫినూ పోగా మిగిలేది, పొలంలో పోయిన సగం రోజు పనికి చాలదు. ఐదుగురు రైతులు కలిసి, సరుకు ఒకే బండిలో వేసి, వంతులవారీగా ఒకరే వచ్చి అమ్మితే గిట్టుబాటవుతుంది. కుదరదనండి. రైతే స్వయంగా అమ్మాలన్నది రైతుబజారు ప్రాణం. దళారులను ఆపడానికి పెట్టిన మంచి నియమం అది. దాన్ని ఈ ఐదుగురి మీద ప్రయోగించి, చక్రాల పొలం వారి మీద ప్రయోగించకపోవడంలోనే పరిపాలనా దక్షత ఉంది. అమ్ముకోలేని రైతు రామభద్రపురం మార్కెట్టులో లారీకెత్తుకుంటాడు. అక్కడ ఎక్కిన వంకాయ రాష్ట్రం సరిహద్దు దాటి ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ చేరుతుంది. విజయనగరం చివరి కాలనీకి చేరాలంటే మాత్రం ప్రత్యేక పథకం కావాలి, చూశారా, అదీ దూరం అంటే.

ఇంత చేశాక కూడా కాలనీవాళ్లు కూర తినడం లేదంటే తప్పు వాళ్లదే, కనుక అవగాహన సదస్సు పెట్టాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు. నలుగురున్న ఇంటికి 1.6 కిలోలు. కిలో సగటున 40 అనుకుంటే రోజుకు 64 రూపాయలు, నెలకు 1,920. ఈ చివరి అంకెలు మైకులో చదవకండి. 400 గ్రాముల దగ్గర ఆపేయండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత తేలింది కదా, దానికి ఫ్లెక్సీ వేయించండి. ఫ్లెక్సీ మీద బ్రోకలీ బొమ్మ ఉండాలి. మునగాకు, పొన్నగంటి కూర, చోడంబలి (రాగి అంబలి) లాంటివి వేస్తే అవి మాకు తెలుసు కదా అంటారు. ఆషాఢంలో మునగాకు తినాలని వాళ్ల నాయనమ్మే చెప్పింది, శాఖకు ఏం పేరొస్తుంది? సదస్సు పనిరోజు పదకొండు గంటలకు పెట్టి, వచ్చినవాళ్లకు క్రీము బిస్కెట్లూ కూల్‌డ్రింకూ ఇవ్వండి.

సోమవారం కలెక్టరేటు ఆవరణలో పెట్టే ప్రకృతి వ్యవసాయ స్టాళ్లు ఈ రంగంలో ఆదర్శం. పురుగుమందు తగలని కూర, ఆఫీసు మెట్ల దగ్గరే. అర్జీ పట్టుకొని లైనులో నిలబడ్డవాళ్ల కళ్లముందే సంచీలు నిండుతాయి. వాళ్లు చూస్తారు, చూడడం కూడా ఒక రకం అవగాహన.

ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించాలి. ఎవడో పట్టుదల గలవాడు ఐదారు వందల గడపల కాలనీని పట్టుకొని, వారానికి రెండే రోజులు, ఎప్పుడూ అవే రోజులు, అదే చోట, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, నాలుగు బల్లలూ రెండు బల్బులతో మొదలుపెడితే కష్టం. మొదటి వారమే రెండు క్వింటాళ్లు దింపించి సగం కుళ్లబెట్టకుండా, 80 కిలోలతో మొదలెట్టి, అమ్మకం చూసుకొని పెంచుతాడు. మిగిలినది తెల్లారి హాస్టలు వంటకు ఎంత ధరకిస్తాడో ముందే మాట్లాడుకుంటాడు. ముసలమ్మను తరమకుండా ఆమెకే ఒక బల్ల ఇచ్చి పోగులు పెట్టిస్తాడు. ఇలాంటివాడు కనబడితే సత్కారం చేసి రాష్ట్రస్థాయి కమిటీలో వేసి అమరావతికి పంపేయాలి.

మిగతా చోట్ల ఆరు నెలల్లో బజారు దానంతటదే పడుకుంటుంది. అప్పుడు పంపవలసిన నివేదిక నమూనా: "సదరు కాలనీలో రైతుబజారును అన్ని హంగులతో ప్రారంభించడమైనది. ఉదయం వేళల్లో కొనుగోలుదారులు హాజరు కానందున, రైతులు విముఖత చూపినందున, చల్లగది నందు బూజు గమనించబడినందున, స్థానికులు కూరగాయల పట్ల తగినంత ఆసక్తి కనబరచలేదని నిర్ధారించడమైనది. షెడ్డును తదుపరి ఉత్తర్వుల వరకు అవగాహన ఫ్లెక్సీలు భద్రపరచుటకు వినియోగించుకొనుటకు అనుమతి కోరడమైనది."