చప్పట్లు కూడా వాళ్లే కొట్టుకుంటే పోలా

2023 డిసెంబరు 2 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిస్ అనే రాక్ బ్యాండు తన ఆఖరి కచేరీ చేసింది. ఆఖరిదంటే నిజంగానే ఆఖరిదని దాదాపు ఐదేళ్లపాటు దేశదేశాలూ తిరిగి మరీ చెప్పారు. 2000లోనూ ఒక వీడ్కోలు టూరు పెట్టారు గానీ, దాన్ని రిహార్సల్ కింద జమ కట్టుకోవాలి. సరే, పాట అయిపోయింది, పొగ కమ్ముకుంది, రంగు కాగితాలు రాలాయి. ఏళ్ల తరబడి కొలిచిన అభిమాని జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకునేలోపే తెర మీద అదే నలుగురు మళ్లీ ప్రత్యక్షం! ఈసారి మనుషులు కాదు, కంప్యూటర్ బొమ్మలు. వయసు తగ్గింది, కండలు పెరిగాయి. బొమ్మలకు మోకాళ్ల నొప్పులుండవు, రాయల్టీలో వాటా అడగవు, ముఖ్యంగా విడాకులు తీసుకోవు. కొత్త శకం మొదలైందని ప్రకటించారు.

ఆ రాత్రి ఆశ్చర్యపోయినవాళ్లు ఈ బ్యాండు జాతకం చదవనివాళ్లు.

1974 ఫిబ్రవరి నుంచి 1975 మార్చి లోపల వీళ్లు మూడు ఆల్బమ్‌లు వదిలారు. ఒక్కటీ సరిగ్గా ఆడలేదు. చూడటానికి వెళ్లినవాడికి మతి పోయేది: ముఖాలకు రంగులు, మడమల కింద జానెడు ఎత్తు బూట్లు, నోట్లోంచి మంట, పెదాల నుంచి నెత్తురు. అదే మనిషి ఇంటికెళ్లి రికార్డు పెట్టుకుంటే, నిప్పులు కక్కినవాడు మజ్జిగ తాగి పాడినట్టు వినిపించేది. మేనేజర్ బిల్ ఆకాయిన్ టూరు ఖర్చులు తన క్రెడిట్ కార్డు మీద గీకుతున్నాడు. వీళ్ల రికార్డులు వేసే కంపెనీ కాసాబ్లాంకా రికార్డ్స్ యజమాని నీల్ బోగార్ట్ అప్పటికే టీవీ హాస్యగాడు జానీ కార్సన్ పాత షోల ముక్కలతో డబుల్ ఆల్బమ్ వేసి చేతులు కాల్చుకుని ఉన్నాడు. ఇక మిగిలింది దింపుడు కళ్లం ఆశ. కొత్త పాటలు రాసే పని లేకుండా, కచేరీలనే రికార్డు చేసి అమ్మేద్దామన్నారు.

అలా డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, డావెన్‌పోర్ట్, వైల్డ్‌వుడ్ కచేరీలు కలిపి 1975 సెప్టెంబరులో వచ్చిందే 'అలైవ్!' డబుల్ ఆల్బమ్. అమెరికాలో రికార్డులకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టులో 9వ స్థానం దాకా వెళ్లింది. కంపెనీ బతికింది, క్రెడిట్ కార్డూ బతికింది. ఆ ఏడాదే స్టూడియోలో చేసి వదిలితే 68 దగ్గర ఆగిపోయిన 'రాక్ అండ్ రోల్ ఆల్ నైట్' పాట, కచేరీ రూపంలో 12కి ఎక్కింది. అదే పల్లవి, అవే మాటలు. కొత్తగా చేరినవి రెండే: జనం కేకలు, బ్యాండు గిటారిస్టు ఏస్ ఫ్రేలీ ఒంటరిగా వాయించిన గిటార్ సోలో. ఈ రెండో సంగతి మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు ముచ్చట. నిర్మాత ఎడీ క్రేమర్ ఆ కచేరీ టేపుల్ని న్యూయార్క్‌లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోకు తెచ్చాడు. వింటే ఏముంది? ఆ బూట్లతో గెంతుతూ, నాలుక చాపుతూ గిటార్ వాయిస్తే శ్రుతి తప్పదా మరి! అందుకని పాడినవి మళ్లీ పాడించారు, వాయించినవి మళ్లీ వాయించారు. ఎంత దిద్దారన్న దాని మీద వాళ్లలో వాళ్లకే ఇప్పటికీ ఒక మాట లేదు. జనం హోరు చాలకపోతే ఆ టేపులు కత్తిరించి, కొసలు అతికించి, గిరగిరా తిప్పి పెంచారు. డెట్రాయిట్‌లో ఒక కుర్రాడు ఊపిరి బిగపట్టి అరిచిన ఒక్క అరుపు స్టూడియోలో ఎన్ని చుట్లు తిరిగిందో ఆ కుర్రాడికే తెలియదు. అట్ట చూడండి. ముందువైపు నలుగురూ వీరావేశంతో ఊగిపోతున్న ఫొటో కచేరీలోది కాదు, రిహార్సల్లో జనం లేని హాల్లో పోజులిచ్చి తీయించుకున్నది. వెనకవైపు మాత్రం డెట్రాయిట్ కోబో హాలు నిండా నిజం జనం, వాళ్ల ముందు చేత్తో గీసుకొచ్చిన పోస్టరు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు. రెండేళ్ల తర్వాత ఇదే బ్యాండు తమ కామిక్ పుస్తకం ఎర్ర సిరాలో తమ సొంత రక్తం కలిపించి, అది తమదేనని నోటరీ సంతకం కూడా పెట్టించుకుంది. కచేరీ ఆల్బమ్‌కు మాత్రం నోటరీ దొరకలేదు పాపం.

దీన్ని మోసం అని గోల పెట్టేవాళ్లు యాభై ఏళ్లుగా ఉన్నారు. వాళ్ల ఏడుపు వేరు. నా వరకు ఆ దిద్దుబాటు తప్పే కాదు. పాడినవాడే మళ్లీ పాడాడు, అరిచినవాడి అరుపే మళ్లీ తిప్పారు. నా బాధల్లా, ఆ విజయం నుంచి వీళ్లు నేర్చుకున్న పాఠం చూసి. జనం ఉంటేనే మన పాట నిలబడుతుందని అనుకోవాల్సినవాళ్లు, జనాన్ని టేపు మీద తిప్పినా డబ్బు వస్తుందని అనుకున్నారు. తర్వాత శవపేటిక మీద కూడా బొమ్మలేసి అమ్మారు. పోయేదాకా ఐసు పోసి బీర్లు పెట్టుకోవచ్చని సలహా కూడా ఇచ్చారు. ఇక తమనే తెర మీద తిప్పుకోవడం ఎంత పని? ఆబ్బా బ్యాండుకు లండన్‌లో బొమ్మల కచేరీ పెట్టించిన స్వీడన్ సంస్థ పాప్‌హౌస్‌కు 2024లో పాటలు, పేరు, రూపం అన్నీ కలిపి రాసిచ్చేశారు. 30 కోట్ల డాలర్ల పైమాటే అని వార్త.

నాదొక వినయపూర్వక సూచన. బ్యాండు బొమ్మలైనప్పుడు ప్రేక్షకుడు మాత్రం ఒళ్లు హూనం చేసుకుని హాలుకు ఎందుకు రావాలి? వాడికీ ఒక అవతార్ చేయించండి. నా అవతార్ టికెట్ కొంటుంది, పార్కింగ్ కోసం గంటసేపు తిరుగుతుంది, తనలాంటి అవతార్ల భుజాల మధ్య నలుగుతుంది. ముందు వరుసలో ఒక పొడుగాటి అవతార్ ఫోన్ పైకెత్తి వీడియో తీస్తుంటే "బాబూ, కాస్త దించు" అని బతిమాలుతుంది. అది వినదు, వినేలా ప్రోగ్రాం చేయలేదు. తొమ్మిదిన్నరకు బొమ్మ నెత్తురు కక్కుతుంది, మా బొమ్మలన్నీ ఒక్కసారిగా కేక వేస్తాయి. అరుపు చాలకపోతే 1975 టేపు ఉండనే ఉంది. వన్స్ మోర్ అని ఎవరూ అడగక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. ఇంటికి చేరాక నా అవతార్ రెండొందలు పెట్టి కొన్న టీషర్ట్ గురించి వాళ్లావిడ అవతార్‌కు సంజాయిషీ చెప్పుకుంటుంది. నేను మాత్రం హాయిగా మంచమెక్కి పడుకుంటాను.

"ఇంతకీ మీ కోపమేంటండీ? వేషం ఎవరు వేస్తే ఏం? పద్యనాటకంలో కృష్ణుడి వేషం వందమంది వేయలేదా?" అంటారు కొందరు. వేశారు. ఆ కిరీటం ఏ నటుడి సొంతమూ కాదు కాబట్టి వేశారు. కిస్‌లో పిల్లి ముఖం డ్రమ్ములు వాయించిన పీటర్ క్రిస్‌ది. కళ్ల చుట్టూ వెండి నక్షత్రాలు ఏస్ ఫ్రేలీవి. వాళ్ల వేషాలు వాళ్లే ఊహించుకుని, వాళ్ల ముఖాల మీద వాళ్లే దిద్దుకున్నారు. గొడవలొచ్చాయి, తాగారు, వెళ్లిపోయారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు. అందులో వాళ్ల తప్పులు లేవని నేననను. కానీ మనిషి వెళ్లాక ఆ ముఖాన్ని హక్కుల పేరుతో పట్టుకుని, జీతానికొచ్చిన మరో ఇద్దరికి పూసి, ఇరవై ఏళ్లు అదే పేరుతో టికెట్లు అమ్ముకోవడం ఏమిటి? వాయించినవాళ్లు మంచి వాద్యకారులే, వాళ్లననను. పూయించినవాళ్లను అంటున్నాను. ఆ ఆఖరి రాత్రి పాతవాళ్లిద్దరూ వేదిక మీద లేకపోతే పోయారు. వాళ్లతో కలిసి వాయించడం గురించి అడిగిన పాపానికి బ్యాండు గాయకుడు పాల్ స్టాన్లీ రేడియోలో కూర్చుని బూతు జోకు వేశాడే, అదేం నోరు! మీ ఇల్లు నిలబెట్టిన పాటలో ఆ సోలో ఎవరిది? 68 నుంచి 12కి ఎవరి భుజాల మీద ఎక్కారు? 2025 అక్టోబరులో ఏస్ పోయాడు. వెంటనే బోలెడన్ని కన్నీటి ప్రకటనలు వచ్చాయి. మనిషి ఉన్నప్పుడు ఒక్క రాత్రి ఒక్క పాటకు వేదిక మీద చోటివ్వలేని పెద్దలు, పోయాక అతని చోటు ఎవరూ పూడ్చలేరన్నారు. సిగ్గుండాలి.

ఆ మరుసటి నెలలోనే, ఇక ఎక్కబోమన్న వేదికను లాస్ వేగాస్‌లో మళ్లీ ఎక్కారు, ఈసారి రంగుల్లేకుండా. బొమ్మల కచేరీ కూడా ఆ ఊళ్లోనే పెడతారట. తెర మీద ఆ వెండి నక్షత్రాల బొమ్మ గిటార్ ఎత్తినప్పుడు ఆ సోలో డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయో ముందే తేల్చి చెప్పండి. టికెట్ రేటు కూడా చెప్పండి. నా అవతార్‌ను తప్పకుండా పంపిస్తాను. డబ్బు కూడా అదే ఇస్తుంది, తన దగ్గరున్న నోట్ల బొమ్మల్లోంచి.