ఐవీ లీగ్‌లో మెరిట్ స్కాలర్‌షిప్ ఎక్కడుంది?

"అమెరికాలో పెద్ద కాలేజీలన్నీ ఎస్‌ఏటీ ఎత్తేశాయి. అది డబ్బున్నవాళ్ల పరీక్ష. కోచింగ్ శుద్ధ దండగ. జీపీఏ 4 ఉంటే ఐవీ లీగే పిలిచి మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తుంది." అక్కడి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇదీ. ఎస్‌ఏటీ అంటే అక్కడ డిగ్రీలో చేరడానికి రాసే 1600 మార్కుల పరీక్ష. జీపీఏ అంటే స్కూలు మార్కుల సగటు, 4 అంటే అన్నిట్లో ఏ గ్రేడ్. ఐవీ లీగ్ అంటే హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్ లాంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు. ఒక్కో ముక్కా చూద్దాం.

ఎత్తేశాయన్నది పాత వార్త. 2020లో కోవిడ్‌తో పరీక్షా కేంద్రాలు మూతపడి, చాలా కాలేజీలు స్కోరు పంపడం మీ ఇష్టమన్నాయి. ఎంఐటీ 2022లోనే మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, యూటీ ఆస్టిన్ అదే దారి పట్టాయి. నిజంగా ఎత్తేసింది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. బర్క్‌లీ, యూసీఎల్‌ఏతో సహా దాని క్యాంపస్‌లు అడ్మిషన్‌కు గానీ స్కాలర్‌షిప్‌కు గానీ స్కోరు చూడవు.

ఐవీ లీగ్ మెరిట్ స్కాలర్‌షిప్ మాత్రం పచ్చి అబద్ధం. ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ ఇవ్వదు, ఎంఐటీ కూడా ఇవ్వదు. 1600కి 1600 తెచ్చుకున్నా ఫీజులో ఒక్క డాలరు తగ్గదు. అక్కడ సాయమంతా కుటుంబ ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చేదే. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి ఆ లెక్కలో వచ్చేది తక్కువే.

మెరిట్ డబ్బు దొరికేది వేరేచోట. మంచి విద్యార్థులను వేరే రాష్ట్రాల నుంచి లాక్కోవాలనుకునే కాలేజీలే దాన్ని పంచుతాయి. యూనివర్సిటీ ఆఫ్ అలబామా అయితే ఎంత జీపీఏకి, ఎంత స్కోరుకి ఎన్ని డాలర్లో పట్టిక వేసి మరీ పెడుతుంది. నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీ సంగతీ అంతే. అది పదకొండో గ్రేడులో అక్టోబర్‌లో రాసే పీఎస్‌ఏటీతో, అంటే ఎస్‌ఏటీకి ముందు రాసే అలాంటి పరీక్షతో, మొదలవుతుంది. దాన్ని నడిపే సంస్థ ఇచ్చేది ఒక్కసారికి 2,500 డాలర్లే, కానీ అందులో ఫైనలిస్టులైనవాళ్లకు యూటీ డల్లస్ లాంటి కాలేజీలు అంతకు ఎన్నో రెట్లు ఇస్తాయి. ఎందుకంటే పెద్ద స్కోర్లవాళ్లు చేరితే కాలేజీ సగటూ పేరూ పెరుగుతాయి. ఇది దానం కాదు, బేరం. ఆ బేరంలో మీ చేతిలో ఉండేది స్కోరే. మెసేజ్ నమ్మి పరీక్ష మానేస్తే పోయేది అదే.

"డబ్బున్నవాళ్ల పరీక్ష" అన్నదాంట్లో సగం నిజముంది. ఆదాయం పెరిగేకొద్దీ సగటు స్కోరు పెరుగుతుంది, కాదనలేం. అయితే డార్ట్‌మత్ ప్రొఫెసర్లు తమ కాలేజీ దరఖాస్తులే పరిశీలిస్తే, పేదింటి పిల్లల్లో కొందరు తమకు మేలు చేసే స్కోర్లను కూడా పంపకుండా దాచేశారని తేలింది. అక్కడి సగటుతో పోల్చుకుని 1400 తక్కువనుకున్నారు. దరఖాస్తులు చూసే అడ్మిషన్ అధికారులేమో ఆ పిల్లవాడు చదివిన స్కూల్లో అది ఎంత గొప్పో చూస్తారు. పైగా డబ్బు పోసి దరఖాస్తు వ్యాసాలు దిద్దించుకోవడం, రెజ్యుమే నింపుకోవడం స్కోరు కొనడంకన్నా తేలికని నా అభిప్రాయం.

కోచింగ్ దండగా? చాలామందికి అవును. ఎస్‌ఏటీ నడిపే కాలేజ్ బోర్డ్ వాళ్ల బ్లూబుక్ యాప్‌లో నమూనా పరీక్షలు, ఖాన్ అకాడమీలో పాఠాలు ఉచితం.

మనవాళ్లలో చాలామందికి అసలైన చిక్కు వీసా. హెచ్4 మీదున్న, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా మీదున్న పిల్లలకు ఫాఫ్సా అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ ప్రభుత్వ సాయం లేదు. కాలేజీలు సొంతంగా ఇచ్చే మెరిట్‌లో మాత్రం పౌరసత్వం అడగనివి చాలానే ఉన్నాయి. వాటి గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువుకన్నా ముందే ముగుస్తుంది కాబట్టి, పన్నెండో గ్రేడు మొదలవకముందే స్కోరు చేతిలో ఉండేలా చూసుకోండి.