“మన జీతంలో కోసిన డబ్బే” అనే సందేశంలో నిజమెంత?

అమెరికాలో ఉద్యోగాల కోతలు మొదలైనప్పుడల్లా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో అక్కడి నిరుద్యోగ బీమా (అన్‌ఎంప్లాయ్‌మెంట్) గురించి ఒక సందేశం మళ్లీ తిరుగుతుంది: “అన్‌ఎంప్లాయ్‌మెంట్ అంటే మన జీతంలో కోసిన డబ్బే. వీసా ఏదైనా సరే, ఉద్యోగం పోగానే అప్లై చేయండి. సెవరెన్స్ వస్తే మాత్రం రాదు. ఒకసారి శాంక్షన్ అయితే ఇండియాలో ఉన్నా ఆరు నెలలు అకౌంట్‌లో పడుతుంది.” ఈ నాలుగు మాటల్లో ఏదీ ఉన్నదున్నట్టుగా నమ్మదగింది కాదు.

మొదటి మాట న్యూజెర్సీ పేస్లిప్పు చూసి రాసినట్టుంది. ఈ బీమాకు ఉద్యోగి నుంచి కూడా చందా వసూలు చేసే రాష్ట్రాలు అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మాత్రమే. మిగతా రాష్ట్రాల్లో భారమంతా యజమానిదే. ఈ బీమాకు సంబంధించిన ఫెడరల్ (కేంద్ర) పన్ను కూడా యజమానే కడతాడు: ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్లపై 6 శాతం, రాష్ట్రానికి కట్టినందుకు వచ్చే మినహాయింపు పోగా సాధారణంగా 0.6 శాతం. ఉద్యోగి కట్టిన చోట కూడా అది పీఎఫ్‌లా వెనక్కి తీసుకునే సొమ్ము కాదు, బండి ఇన్సూరెన్సుకు కట్టే ప్రీమియం లాంటిది. మనకు అలవాటైన ‘నిరుద్యోగ భృతి’ అనే మాట కూడా ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో నెలకు రూ.1,000తో మొదలైన యువనేస్తం ఉద్యోగం లేని యువతకు ప్రభుత్వం ఇచ్చిన సాయం. అమెరికాలోది మాత్రం ఉద్యోగం చేస్తూ, తన తప్పు లేకుండా దాన్ని పోగొట్టుకున్నవారికి వర్తించే బీమా.

వీసా విషయమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గతంలో పనిచేసిన జీతం ఉంటే చాలదు. డబ్బు అడిగే ప్రతి వారంలోనూ పనికి సిద్ధంగా, చట్టబద్ధంగా అందుబాటులో ఉండాలి. హెచ్-1బి (ఉద్యోగ వీసా) అనుమతి ఒక యజమానికి ముడిపడి ఉంటుంది కాబట్టి, ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువు దేశంలో ఉండనిస్తుందే తప్ప ఎక్కడైనా పనిలో చేరే హక్కు ఇవ్వదు; అందుకే ఆ దరఖాస్తులు సాధారణంగా తిరస్కరణకు గురవుతాయి. గ్రీన్ కార్డు ఉన్నవారు, చెల్లుబాటులో ఉన్న ఈఏడీ (పని చేసేందుకు ఇచ్చే అనుమతి పత్రం) మీద పనిచేసినవారు మిగతా షరతులు తీరితే అర్హులే. భర్త హెచ్-1బి ఉద్యోగంలో కొనసాగుతుండగా హెచ్-4 (కుటుంబ సభ్యుల వీసా) ఈఏడీ మీద ఉన్న భార్య ఉద్యోగం పోతే, ఆమె దరఖాస్తుకు వెనుకాడవలసిన పని లేదు.

సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో అది సాధారణంగా అడ్డు కాదు. టెక్సస్‌లో ఆ కాలానికి చెల్లింపు ఆగుతుంది. అయితే కంపెనీపై దావా వేయబోమని సంతకం చేసినందుకు ఇచ్చిన సొమ్మును అక్కడ సెవరెన్స్‌గా లెక్కించరు. కాబట్టి ఒప్పందం కాగితం చదవకుండా దరఖాస్తు మానుకోవడం నష్టమే.

ఇక ‘శాంక్షన్’. ఇక్కడ ఒక్కసారిగా ఖరారయ్యేది ఏదీ లేదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి సర్టిఫై చేయాలి: పని వెతికారా, ఎంత సంపాదించారు, పనికి అందుబాటులో ఉన్నారా అన్నవాటికి జవాబివ్వాలి. చిన్న కాంట్రాక్టు పని చేసినా, డబ్బు చేతికందిన వారంలో కాదు, పని చేసిన వారంలోనే చూపాలి. ఆరు నెలలన్నదీ అంతటా లేదు. ఫ్లోరిడాలో నిరుద్యోగం తక్కువగా ఉన్నప్పుడు 12 వారాలే, వారానికి గరిష్ఠంగా 275 డాలర్లే. తల్లిదండ్రుల అనారోగ్యం వల్ల ఇండియాకు వెళ్లినవారు ఆ వారాల్లో అందుబాటులో లేమని నిజం చెబితే సాధారణంగా ఆ వారాల సొమ్ము మాత్రమే పోతుంది. దాచిపెట్టి అమెరికాలోనే ఉన్నట్టు సర్టిఫై చేస్తే, తీసుకున్నదంతా తిరిగి కట్టడంతోపాటు కనీసం 15 శాతం జరిమానా పడుతుంది; కాలిఫోర్నియాలో అది 30 శాతం.

ఈ సందేశం అసలు ప్రస్తావించని విషయం మరొకటుంది. దరఖాస్తు తిరస్కరించినప్పుడు అప్పీలుకు టెక్సస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 30 రోజుల గడువుంటుంది. అప్పీలు నడుస్తున్నంత కాలం సర్టిఫై చేయడం మానకూడదు, ఎందుకంటే చివరికి గెలిచినా, సర్టిఫై చేయని వారాలకు డబ్బు రాదు.