పప్పు కొనలేని ఇంటికి పోషకాహార పాఠాలా?

ఏటా సెప్టెంబరులో పోషణ మాసం పేరుతో ఊరూరా సభలు జరుగుతాయి. అంగన్‌వాడీ గోడకు ఒక ఫ్లెక్సీ కడతారు. దాని మీద ఆపిల్, ద్రాక్ష, పాల గ్లాసు, చేప, ఆకుకూరల కట్ట. ఎదురుగా చాపల మీద ఆ పూట కూలి మానుకుని వచ్చిన తల్లులు. ఎవరో ఒకరు లేచి, "మన ఆడవాళ్లకు ఆహారం మీద అవగాహన లేదు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పప్పు బలమని తెలియని తల్లిని ఒక్కరిని చూపించండి. గుడ్డు మంచిదని తెలియకనా బిడ్డకు రోజూ పెట్టలేకపోతోంది?

ఒక్కసారి లెక్క వేసి చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కావాలని అందులో ఉంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు పప్పులే పది కిలోలు. పిల్లలకు తక్కువ చాలుననుకుని ఏడెనిమిది కిలోలకు దించినా, కిలో వంద దాటిన కందిపప్పు అన్ని కిలోలు కొనే కూలి ఇల్లు ఎక్కడుంది? పాలు, పళ్ల సంగతి నేను ఎత్తడమే లేదు.

ఇక బియ్యం. అదే ఇంటికి ధాన్యాలు నెలకు 30 కిలోలు కావాలి. తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున 24 కిలోలు, ఆంధ్రప్రదేశ్‌లో ఐదు కిలోల చొప్పున 20 కిలోలు రేషన్ దుకాణంలో ఉచితంగా వస్తాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యమే ఇస్తున్నారు. మంచిదే, ఆకలి తీరుతోంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ సబ్సిడీ ధరకు ఎప్పుడో ఒక కిలో పప్పు ఇచ్చినా, మిగిలిన పప్పంతా ఆ ఇల్లాలే అంగట్లో కొనుక్కోవాలి. అందుకే కంచం నిండా అన్నం, దాని మీద పలుచటి చారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లలైతే పదిమందిలో ఏడుగురు. ఇంతమందికి ఒకేసారి అవగాహన లేకుండా పోయిందా?

అలాగని పాఠాలే వద్దనడం లేదు. నిజంగా చెప్పవలసినవి చెప్పలేదనే నా కోపం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బలవర్ధక బియ్యపు గింజలను వందకు ఒకటి చొప్పున రేషన్ బియ్యంలో కలిపి ఇచ్చారు. ఆ గింజ కాస్త తేడాగా కనిపిస్తుంది, కడిగేటప్పుడు నీళ్లపై తేలుతుంది. ఆడవాళ్లు చేటలో పోసుకుని, ప్లాస్టిక్ బియ్యం కలిపారని భయపడి, ఒక్కో గింజా ఏరి పారేశారు. పిల్లల కోసమే ఏరారు. సంచి చేతికిచ్చే రోజున దుకాణం దగ్గర నిలబడి ఆ గింజ ఏమిటో రెండు ముక్కలు చెప్పే మనిషి లేకపోయాడు. అవగాహన అవసరమైన చోట ఫ్లెక్సీ కూడా లేదు.

అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. గంజి వారబోస్తే బలం కూడా పోతుంది. ఇవి పైసా ఖర్చు లేని మాటలు, ఇవి చెప్పండి. అయితే కోడలికి ఒక్కదానికే చెబితే లాభం లేదు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఆమె తింటోంది. అత్తగారినీ భర్తనూ కూడా చాప మీద కూర్చోబెట్టండి.

గర్భిణులకు అంగన్‌వాడీలో మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు, పాలు పెట్టే ఆరోగ్య లక్ష్మి లాంటి పథకం నిజంగా మంచి ఆలోచన. ఇంటికి ఇస్తే పదిమంది పంచుకునేది అక్కడ ఆమె కడుపులోకే పోతుంది. కానీ నాట్లు, కలుపుల రోజుల్లో పొద్దున్నే పొలానికి పోయే మనిషి మధ్యాహ్నం కేంద్రానికి ఎలా వస్తుంది? భోజనానికి వస్తే కూలి పోతుంది. ఈ సంగతి ఆయమ్మలకు తెలుసు, టీచర్లకు తెలుసు. వేళలు రాసేవాళ్లు వాళ్లను అడగరు.

వెనకటికి చేలలో కలుపు తీస్తూనే గునుగు కూర, పొన్నగంటి కూర, తుమ్మి కూర గిల్లి కొంగున కట్టుకుని వచ్చేవారు. ఆ పూటకు ఆకుకూర దొరికేది, దానికి ధర లేదు. ఇప్పుడు కలుపు మందు కొట్టిన పత్తి చేలో ఏ ఆకు తెంపాలన్నా భయమే. తండా చివరి కొట్టుకు కూరగాయలు రావు, అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు మాత్రం దండలుగా వేలాడుతుంటాయి. ఏడ్చే బిడ్డ చేతిలో తల్లి ఏది పెడుతుంది?

బియ్యంతో పాటు రేషన్‌లో పప్పు కూడా ఇవ్వాలన్నదే నా మాట. దానికి డబ్బులెక్కడివి అని అడిగేవారికి నా జవాబు ఇది. తమిళనాడు రేషన్ దుకాణాల్లో ఏళ్ల తరబడి కిలో కందిపప్పు 30 రూపాయలకు ఇస్తున్నారు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో అమ్మ హస్తం కింద 185 రూపాయలకు కందిపప్పుతో సహా తొమ్మిది సరుకులు ఇచ్చారు. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, నిజమే. నాణ్యత సరిచేయాలి గానీ పప్పునే మానేస్తారా? తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఏటా ఆ రైతు మద్దతు ధర కోసం కొనుగోలు కేంద్రాల ముందు బస్తాలు పెట్టుకుని ఎదురుచూస్తాడు. ఆ కందులు కొనండి, పప్పు పట్టించండి, కార్డుకు నెలకు కనీసం మూడు కిలోలు ఇవ్వండి. వచ్చే సెప్టెంబరు సభకు వచ్చే ఎమ్మెల్యేను మీ ఊళ్లో ఈ మూడు కిలోల గురించే అడగండి.