ఎనిమిది మంది, సగటు 41

మొన్న బతుకమ్మ పండుగకు మా అసోసియేషన్ పిల్లలకు ఓరుగల్లు మీద క్విజ్ పెట్టింది. హైస్కూలు జిమ్‌లో ఒక మూల తంగేడు దొరక్క బంతి, చామంతులతోనే పేర్చిన బతుకమ్మలు, ఇంకో మూల ప్రొజెక్టరు. తెర మీద ఒక స్లైడ్ పడింది: "కాకతీయుల కాలంలో మనుషులు సగటున 30 ఏళ్ళే బతికేవారు. అందుకే 12 ఏళ్ళకే పెళ్ళిళ్ళు చేసేవారు." పక్కన కూర్చున్న ఏడో క్లాసు పిల్ల నా వైపు తిరిగి, "అంటే అంకుల్, నేను అప్పుడు పుట్టుంటే ఈపాటికి ఆల్‌మోస్ట్ మిడిల్ ఏజ్!" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా కడుపులో ఏదో దేవుతూనే ఉంది. తప్పు సత్తుపిండిది మాత్రం కాదు.

కాకతీయుల కాలంలో ఎవరూ జనన మరణాల రిజిస్టరు రాయలేదు. మనకు మిగిలినవి శాసనాలు. ఆ 30 అనే అంకె ఎక్కడిదని నేను తగువు పెట్టుకోను. సగటు తక్కువే ఉండి ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. నా పేచీ ఆ అంకెను మనం చదివే తీరుతో. సగటు 30 అనగానే, ముప్పై దాటితే మంచం పట్టేవాళ్ళని, ముప్పై అయిదుకు పాడె సిద్ధమయ్యేదని మనసులో బొమ్మ కట్టేసుకుంటాం. ఆ బొమ్మే తప్పు.

మా ఇంటి లెక్కే చెప్తాను. పరకాల దగ్గర మా ఊరు. మా బాపమ్మతో కలిపి వాళ్ళమ్మకు ఎనిమిది కాన్పులు. ఒక బిడ్డ తొమ్మిది రోజులే బతికింది. ఒక పిల్లవాడు ఏడాది నిండి, అడుగులు వేస్తున్నప్పుడు గత్తరకు, అంటే కలరాకు, పోయాడు. ఇంకో పిల్ల మూడేళ్ళప్పుడు "అమ్మవారు పోసి" పోయింది. మశూచి అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, పోచమ్మ తల్లి తీసుకపోయింది అనే అన్నారు. ఒక చెల్లె 27 ఏళ్ళకు పురిట్లో పోయింది. మిగిలిన నలుగురు 68, 74, 77, 81 ఏళ్ళు బతికారు. ఎనభై ఒకటి మా బాపమ్మది.

కూడండి. మొత్తం 331. ఎనిమిదితో భాగిస్తే 41 చిల్లర. ఇదీ మా బాపమ్మ ఇంటి "సగటు ఆయుష్షు". ఆ ఎనిమిది మందిలో నలభై ఒకటికి గానీ, దాని చుట్టుపక్కల గానీ పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. నలభై ఒకటో ఏట మా బాపమ్మ నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని చెరువు కట్ట మీద నడుస్తోంది.

గండం ఎక్కువగా పసితనంలోనేనన్న సంగతి మన ఊళ్ళకు లెక్కలు రాకముందు నుంచే తెలుసు. నమ్మకపోతే పేర్లు చూడండి. ఆ నలుగురిలో 77 ఏళ్ళు బతికినాయన పేరు పెంటయ్య. ఇద్దరు పిల్లలు పోయాక పుట్టిన కొడుకు. పుట్టగానే చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారట. పక్కింటామె వచ్చి, ఎవరో పారేసిన పిల్లవాడు దొరికినట్టు ఎత్తుకుని, మళ్ళీ వాళ్ళమ్మకే ఇచ్చిందట. వీడు మాకు అక్కరలేని పిల్లాడు, నీకూ వద్దు అని మృత్యువును నమ్మించే నాటకం అది. తెలంగాణలో ఒక తరం వెనక్కి వెళ్తే పెంటయ్య, పెంటమ్మ లేని ఊరు లేదు. దేవుణ్ణి అడుక్కుని తెచ్చుకున్నామని భిక్షపతి, భిక్షమయ్య, బిచ్చమ్మ. ఉత్తరాంధ్రకు పోతే పిడికెడు తవుడికి అమ్మి కొన్నట్టు చేసి పెట్టిన తవిటయ్యలు. ఒక్కో పేరు వెనక అంతకుముందు పోయిన బిడ్డ ఉంది. ఈ పేర్లు పెట్టుకున్నవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు, బళ్ళో తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. మా పెంటయ్య తాత మాత్రం, "పెంట మీద పడ్డోణ్ణి, నాకేం గాదురా" అని మీసం మెలేసేవాడు.

అధికారుల అంకెలూ ఇదే కథ చెప్తాయి. 1911-21 మధ్య మన దేశంలో పుట్టినప్పటి సగటు ఆయుష్షు 20 ఏళ్ళ దగ్గర తేలింది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఒక్కటే కోటికి పైగా ప్రాణాలు తీసిన దశాబ్దం అది. ఇరవయ్యే గడువు అయితే, ఆ పదేళ్ళూ పొలాలు దున్నిందెవరు, తాతలై మనవలను ఎత్తుకున్నదెవరు? వెయ్యి మంది పుడితే రెండు వందల మందికి పైగా ఏడాది లోపే పోయేవాళ్ళు. వాళ్ళే ఆ సగటును కిందికి లాగారు. ఇప్పుడు దేశంలో అదే సంఖ్య ముప్పై లోపు. సగటు ఆయుష్షు డెబ్భైకి పెరిగిందంటే అందులో పెద్ద వాటా ముసలివాళ్ళు ఇంకా ముసలివాళ్ళు కావడం వల్ల వచ్చింది కాదు, తొట్టెలలో పిల్లలు బతకడం వల్ల వచ్చింది. కొడవలితో బొడ్డు కోసిన రోజుల్లో వారం తిరిగేలోపు పసిబిడ్డ కొయ్యబారిపోయేది. ధనుర్వాతం. గర్భిణికి రెండు టీకాలు, కోయడానికి కొత్త బ్లేడు, ఇంతే దానికి మందు. బాలింతలనూ పసిపిల్లలనూ పట్టే ఆ రోగాన్ని దాదాపు లేకుండా చేశామని మన దేశం అనిపించుకోవడానికి 2015 దాకా పట్టింది.

పెద్దవయసు మన భాషకు కొత్త కాదు. అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్భైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే 81వ ఏట పడ్డవారికి, సహస్ర చంద్ర దర్శనం. ఎవరూ చేరని వయసుకు ఎవరైనా పండుగ పెట్టుకుంటారా? ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళ చక్రం తిరిగి, పుట్టిన ఏడు మళ్ళీ రావడం ఒక మనిషి చూడగలడన్న ధీమా అందులో ఉంది. మా బాపమ్మ అక్షయలో పుట్టిందని వాళ్ళ నాయన చెప్పేవాడట. 1986లో అక్షయ మళ్ళీ వచ్చింది. ఎవరూ శాంతి చేయించలేదు. ఆ రోజు ఆమెకు బర్రె ఈనింది, అదే గుర్తు.

ఓరుగల్లు క్విజ్‌లో అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు, 63 ఏళ్ళు. అంతకుముందు దేవగిరి యాదవుల చెరలో ఉండి వచ్చినవాడు. గద్దెనెక్కినప్పుడు యువకుడనుకున్నా, చివరికి ఎంత వయసో పిల్లలే లెక్క వేస్తారు. రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఆమె తర్వాత రాజ్యానికి వచ్చింది కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు. రాజ్యం మనవడికి అప్పజెప్పిన అమ్మమ్మను మనం పదే పదే పద్దెనిమిదేళ్ళ పిల్లగానే బొమ్మ గీస్తాం. 1687లో గోల్కొండ పట్టుకున్నప్పుడు ఔరంగజేబుకు 68 ఏళ్ళు. అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503 దాకా ఉన్నాడు.

"అవన్నీ రాజులు, మహానుభావులు, మామూలోళ్ళ సంగతి చెప్పండి" అంటారు. ఒప్పుకుంటాను. ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో దీనికి సరిగ్గా ఎదురు అబద్ధం కూడా తిరుగుతోంది: "పసితనం గట్టెక్కితే అందరూ జొన్న గటక తాగి నూరేళ్ళు బతికేవాళ్ళు, ఇప్పుడే మందుల మీద బతుకుతున్నాం." అదీ కాదు. గత శతాబ్దం మొదట్లో మన దేశంలో పదేళ్ళు నిండిన పిల్లవాడికి సగటున మిగిలింది ఇంకో ముప్పై చిల్లర ఏళ్ళే. గత్తర, మలేరియా, క్షయ, కరువు, పాము, పురుడు పెద్దవాళ్ళనూ వదల్లేదు. బతికినవాళ్ళే మన కళ్ళ ముందు మంచాల మీద కూర్చుని కథలు చెప్పారు కనుక, అందరూ అలాగే బతికారనుకుంటాం. పురిట్లో పోయిన బాపమ్మ చెల్లె ఏ కథా చెప్పలేదు.

వయసులు ఎంత నమ్మాలన్నదీ ఉంది. బాపమ్మను ఎప్పుడు పుట్టినవని అడిగితే, "నాకేమెరుక బిడ్డా, రజాకార్ల లొల్లప్పుడు మీ పెద్దబాపు నా సంకలుండె" అనేది. 1948కి ముందా వెనకా అన్నది అలా తేల్చుకునేవాళ్ళం. ఆ తర్వాతి తరానికి బళ్ళో పంతులు పుట్టినరోజు పెట్టాడు. మీ అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఒకసారి తీసి చూడండి. జులై ఒకటిన పుట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారో! వీసా ఇంటర్వ్యూలో "మీ ఇద్దరిదీ ఒకే పుట్టినరోజా?" అని అడిగితే మా బాపు, "మా ఊరోళ్ళందరిదీ గదే సార్" అన్నాడు. పాత జనాభా లెక్కల్లో 30, 35, 40 దగ్గర మనుషులు గుంపులుగా కనిపిస్తారు. వయసు తెలియనివాడు గుండు సంఖ్యే చెప్తాడు. నూట పదేళ్ళ తాతల వార్తలను కూడా నేను ఈ కారణంగానే కాస్త దూరం నుంచి చదువుతాను.

ఇప్పుడు ఆ స్లైడ్‌లో రెండో వాక్యం. "అందుకే" అన్న మాట మీద నాకు కోపం.

ఆయుష్షు తక్కువ కాబట్టి పన్నెండేళ్ళకే పెద్దవాళ్ళయ్యేవాళ్ళు అంటే, వినడానికి లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ ఆ కాలం వాళ్ళు అలా అనుకోలేదు. నారద స్మృతి పదహారేళ్ళ దాకా పిల్లవాడేనంటుంది, ఆ తర్వాతే వ్యవహారం తెలిసినవాడు. ఇంగ్లండులో 17వ శతాబ్దపు చర్చి రిజిస్టర్లు చూస్తే, మామూలు ఇళ్ళ ఆడపిల్లలకు మొదటి పెళ్ళి సగటున పాతికేళ్ళు దాటాకే. అక్కడా పిల్లలు చనిపోయేవాళ్ళు, అక్కడా సగటు ఆయుష్షు నలభై లోపే. ఆయుష్షును బట్టే పెళ్ళి వయసు ఉండేదైతే వాళ్ళు అన్నేళ్ళు ఎందుకు ఆగారు? వెనకటి పిల్లలు త్వరగా ఎదిగేవాళ్ళన్న మాటా తలకిందులుగా ఉంది. ఉత్తర ఐరోపాలో 19వ శతాబ్దం మధ్యలో ఆడపిల్లలు పదహారు, పదిహేడేళ్ళకు గానీ రజస్వల అయ్యేవాళ్ళు కాదు. తిండి పెరిగాక అది పదమూడుకు దిగింది. బక్కచిక్కిన ఒళ్ళు ఆలస్యంగా ఎదుగుతుంది, తొందరగా కాదు.

మన భాషలో "పెద్దమనిషి" అన్న మాట చూడండి. ఊరి తగవు తీర్చేవాడూ పెద్దమనిషే, మొన్నటిదాకా అష్టాచెమ్మా ఆడిన పిల్లా ఒక రోజు "పెద్దమనిషి అయింది." మొదటివాడికి ఆ పేరు రావడానికి నలభై ఏళ్ళు పట్టింది, రెండో ఆమెకు ఒక్క రోజు. అయినా ఆ ఇంట్లో ఎవరికీ ఆమె పెద్దది కాదని తెలుసు. తెలుసు కనుకే పెళ్ళి ముందు చేసినా కాపురానికి పంపడం తర్వాత. మా బాపమ్మకు పదేళ్ళకు పెళ్ళయితే, అత్తగారింటికి వెళ్ళింది పదిహేను దాటాక. వెళ్ళేటప్పుడు గవ్వలు కొంగున కట్టుకుని పోయిందట, ఆడుకోవడానికి. మగపిల్లలూ అంతే. పదేళ్ళకు పసుల వెంట పోయేవాళ్ళు, కూలికీ పోయేవాళ్ళు. ఇచ్చేది మాత్రం సగం కూలి. నాగలి పట్టి చాలు తప్పకుండా దున్నినప్పుడే నిండు కూలి. పని చేస్తున్నాడు కదా అని వాణ్ణి ఎవరూ పెద్దవాడనలేదు.

చిన్నప్పుడే పెళ్ళిళ్ళు ఎందుకు చేశారంటే, కులం కోసం, పొలం కోసం, మేనరికం జారిపోకుండా, ఆడపిల్ల మీద మాట పడకుండా. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 అన్నది. అదీ బ్రిటిష్ ఇండియాకే, నిజాం రాజ్యంలో ఉన్న మన ఓరుగల్లుకు వర్తించలేదు. 18, 21 అయింది 1978లో. ఆ పెళ్ళిళ్ళకు తక్కువ ఆయుష్షు కారణం అనడం కన్నా, తక్కువ ఆయుష్షుకు ఆ పెళ్ళిళ్ళు ఒక కారణం అనడం నిజానికి దగ్గర. దాదాపు 1980 దాకా మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఆయుష్షు మగవాళ్ళ కంటే తక్కువ. ప్రపంచంలో చాలా చోట్ల దీనికి ఉల్టా ఉంటుంది. చిన్న ఒంటితో కాన్పులు, కాన్పు మీద కాన్పు, తినేటప్పుడు ఆఖరి పీట. బాపమ్మ చెల్లెకు 27 ఏళ్ళకు అది ఆరో కాన్పు.

ఏడో క్లాసు పిల్ల ముందు మనం "అందుకే" అని రాస్తే, పోయినవాళ్ళకు జరిగిందంతా ప్రకృతి నియమమని చెప్పినట్టు. నాకు అదే కష్టంగా అనిపించింది.

స్లైడ్ తయారుచేసిన తమ్ముడు మంచివాడే. పండుగ తర్వాత ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్తే ఓపికగా విన్నాడు. "అయితే అన్నా, వచ్చే ఏడు ఆ స్లైడ్ తీసేసి ఏం పెట్టమంటరు?" అన్నాడు. మా బాపమ్మ తోబుట్టువుల లెక్క పెట్టు, పిల్లలతోనే భాగహారం చేయించు అన్నాను. ఆ రాత్రే కాగితం మీద ఎనిమిది గళ్ళు గీశాను, ఒక్కో గడిలో పేరు, పక్కన వయసు. ఎవరి పేరేమిటో సరిచూసుకోవడానికి ఊళ్ళో చిన్నమ్మకు ఫోన్ చేస్తే ఏడు పేర్లే చెప్పింది. ఎనిమిదోది?

"దానికి పేరెక్కడిది బిడ్డా," అన్నది. "తొట్టెలల్ల ఎయ్యకముందే పాయె గద."